ప్లాట్‌ఫామ్ వీడియో గేములు – వయోయోగ్యత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్లాట్‌ఫామ్ వీడియో గేము పిల్లల ఆట అన్న అభిప్రాయం లోకంలో స్థిరపడింది. అటువంటి గేము పెద్దలకు తగునా అని నిర్ణయించేటప్పుడు దాని బొమ్మలను, రంగులను, పెట్టె మీది వయోముద్రను చూడడం పరిపాటి. ఈ ఆధారాలు వేరే ప్రశ్నలకు సమాధానాలని, పెద్దలకు తగిన గుణాన్ని ఆట నిర్మాణంలోనే వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకోసం 1981 నుంచి 2024 వరకు ఈ ప్రక్రియ సాగిన తీరును, ముఖ్యంగా నింటెండో సంస్థ గేములను ఆధారంగా తీసుకొని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేములు, ప్లాట్‌ఫామ్ ప్రక్రియ, వయోవర్గీకరణ, బాలసాహిత్యం, అధికారి, నింటెండో.

1. ఉపోద్ఘాతం

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని చెప్పడం శాస్త్రసంప్రదాయం. దీన్నే అనుబంధ చతుష్టయం అంటారు. వీటిలో అధికారి అంటే ఆ గ్రంథాన్ని అందుకోవడానికి అర్హుడైనవాడు. ఈ అర్హతకు జిజ్ఞాస, సాధన ఆధారాలు; ఏళ్ల లెక్క ప్రధానం కాదు. పంచతంత్రాన్ని ముగ్గురు రాజకుమారుల కోసం చెప్పినట్లు కథాముఖం తెలుపుతుంది. అయినా దాన్ని నీతిశాస్త్రంగా పండితులు శతాబ్దాలుగా చదివారు. 1947లో ప్రారంభమైన చందమామ పిల్లల పత్రికే అయినా ఇంటికి వచ్చిన సంచికను పెద్దలూ వదలలేదు. కనుక పిల్లలకోసం రూపొందిన కృతిలో పెద్దలకు ఏమి లభిస్తుందన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు.

వీడియో గేముల విషయంలో మాత్రం ఈ ప్రశ్నను లోతుగా అడగడం అరుదు. గుండ్రని ముఖాలు, ముదురు రంగులు, నవ్వే మేఘాలు కనిపిస్తే 'ఇది పిల్లలది' అని తేల్చివేస్తారు. ఆ తీర్పుకు రెండు వైపులా నష్టం ఉంది. పెద్దలు ఒక సమగ్రమైన కళారూపానికి దూరమవుతారు. పిల్లలకు దక్కేది ఎలా ఉన్నా చాలునన్న ఉదాసీనతా దానివల్లనే పెరుగుతుంది. పెద్దలెవరూ ఆడి చూడని ఆటలో నాణ్యత ఉందో లేదో చెప్పేవారు ఉండరు.

ఆటగాడి అధీనంలోని పాత్ర గెంతుతూ, ఒక అరుగు మీది నుంచి మరో అరుగు మీదికి చేరుతూ, గుంతలను, శత్రువులను దాటుకొని గమ్యం చేరడం ప్రధాన క్రియగా గల ఆటను ప్లాట్‌ఫామ్ గేము అంటారు. ఈ ప్రక్రియ ఎవరికి తగినదన్న నిర్ణయం చరిత్రలో మూడు చోట్ల జరిగింది. మొదటిది విపణి, రెండవది వయోవర్గీకరణ సంస్థ, మూడవది ఆట నిర్మాణం. ఈ మూడింటిని విడివిడిగా చూస్తే తప్ప అసలు ప్రశ్న తేటపడదు.

2. నాణేల యంత్రం నుంచి బొమ్మల దుకాణానికి

ప్లాట్‌ఫామ్ ప్రక్రియకు రూపురేఖలు దిద్దిన గేముల్లో 1981లో నింటెండో విడుదల చేసిన 'డాంకీ కాంగ్' ముఖ్యమైనది. దీని రూపకర్త షిగెరు మియమోతో. ఉక్కు దూలాల మీద నిచ్చెనలెక్కుతూ, పైనుంచి గొరిల్లా దొర్లించే పీపాలను గెంతి తప్పించుకుంటూ సాగే వడ్రంగి ఇందులో నాయకుడు. అతడే తరువాతి కాలంలో మారియోగా ప్రసిద్ధుడయ్యాడు.

ఈ గేము పుట్టింది నాణెం వేస్తే ఆడనిచ్చే యంత్రంలో. అమెరికాలో అటువంటి యంత్రాలు ఆటశాలలతోపాటు మద్యశాలల్లోనూ ఉండేవి. ఆడినవారిలో యువకులు, ఉద్యోగస్థులు ఉన్నారు. ఆట త్వరగా ముగిస్తే మరో నాణెం పడుతుంది కనుక కాఠిన్యం ఇక్కడ వ్యాపార సూత్రం కూడా. నాలుగు తెరలే మారిమారి వచ్చినా, అవి వచ్చిన ప్రతిసారీ కష్టం పెరుగుతుంది. చివరకు 22వ స్థాయిలో గణన లోపంవల్ల గడువు కొన్ని క్షణాలకు కుదించుకుపోయి ఆట ముందుకు సాగదు. ఆ హద్దును చేరడానికి పెద్దవయసు వారు ఏళ్ల తరబడి సాధన చేశారు. వారి పోటీనే ఇతివృత్తంగా చేసుకొని 2007లో 'ది కింగ్ ఆఫ్ కాంగ్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. కాబట్టి ప్లాట్‌ఫామ్ గేము పుట్టుకతో పిల్లల వస్తువు కాదు.

అది పిల్లల వస్తువుగా పేరుపడడానికి 1983 నాటి సంక్షోభం ఒక ప్రధాన కారణం. ఆ సంవత్సరం అమెరికాలో ఇంటి వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం గేములు దుకాణాల్లో గుట్టలుగా పేరుకుపోయాయి. ఆ మాట వింటేనే వర్తకులు వెనుకాడే పరిస్థితి ఏర్పడింది. అదే 1983లో జపానులో 'ఫామికామ్' యంత్రాన్ని విడుదల చేసిన నింటెండో, 1985 అక్టోబరులో న్యూయార్క్ నగరంలో దాని అమెరికా రూపాన్ని ప్రవేశపెట్టింది. అప్పుడు వీడియో గేము అన్న మాటను పక్కనపెట్టి 'ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అన్న పేరు పెట్టింది. దానితోపాటు ఒక చిన్న రోబోను జతచేసి బొమ్మగా అమ్మింది. వర్తకుల భయం పోగొట్టడానికి పన్నిన ఈ ఉపాయంవల్ల ఆ యంత్రం బొమ్మల అరలో చోటు సంపాదించింది. అందులో ఆడే ఆటలూ పిల్లల ఆటలుగా పరిగణన పొందాయి. ఈ పేరు అమ్మకం అవసరం నుంచి వచ్చిందే తప్ప ఆట స్వభావం నుంచి వచ్చింది కాదు.

3. ఒకే రూపం – ఇద్దరు అధికారులు

1985 సెప్టెంబరు 13న జపానులో విడుదలైన 'సూపర్ మారియో బ్రదర్స్' ఎనిమిది లోకాలు, 32 దశలుగా సాగుతుంది. దీని తొలి తెర బోధనాపద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మారియో తెర ఎడమ భాగంలో నిలబడి ఉంటాడు. కుడివైపు ఖాళీ స్థలం ఉంటుంది. ఎటు నడవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎదురుగా ఒక శత్రువు నెమ్మదిగా వస్తుంది. తాకితే ప్రాణం పోతుంది కనుక గెంతడం నేర్చుకోవలసివస్తుంది. ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టెను తలతో కొడితే వచ్చే పుట్టగొడుగు కుడివైపు జారి, గొట్టానికి తగిలి, తిరిగి ఆటగాడి వైపే వస్తుంది. దాన్ని తప్పించుకోబోయినవాడికి కూడా అది తగిలే అవకాశం ఎక్కువ. తగిలితే మారియో పెద్దవాడవుతాడు. ఒక్క అక్షరం చదవకుండానే మూడు నియమాలు తెలిసిపోతాయి. అక్షరాలు రాని పిల్లవాడూ అరవై ఏళ్ల పెద్దాయనా ఈ తెర ముందు సమానులే.

అయితే గేము అక్కడే ఆగదు. రెండవ దశలో పైకప్పు మీదికి ఎక్కి చివరిదాకా నడిచినవారికి నేరుగా ముందరి లోకాలకు చేర్చే గొట్టాలు దొరుకుతాయి. కప్పు మీద నడవవచ్చునన్న ఊహ నియమాలను అనుమానించి చూసినవారికే కలుగుతుంది. ఆ దారులను, అడుగుల లెక్కను వశం చేసుకున్న ఆటగాళ్లు ఈ గేమును అయిదు నిమిషాలలోపే పూర్తిచేస్తున్నారు. విడుదలై నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ పోటీ ఆగలేదు.

1986 జూన్‌లో జపానులో వచ్చిన రెండవ భాగం ఈ చర్చకు మరింత విలువైన సాక్ష్యం. చూపుకు అది మొదటి భాగం వంటిదే. కాని అందులో కొన్ని పుట్టగొడుగులు విషపూరితాలు, కొన్ని గెంతులను గాలి పక్కకు నెడుతుంది, కొన్ని గొట్టాలు ఆటగాణ్ణి వెనుకటి లోకాలకు పంపిస్తాయి. మొదటి భాగం నేర్పిన నమ్మకాలనే రెండవ భాగం ఉచ్చులుగా మార్చింది. మరీ కఠినమని భావించి దీన్ని అప్పట్లో అమెరికాకు పంపలేదు. 1988లో 'డోకి డోకి పానిక్' అనే వేరొక గేమును మార్చి రెండవ భాగంగా అక్కడ విడుదల చేశారు. అసలు గేము 1993లో 'ది లాస్ట్ లెవెల్స్' పేరుతో ఒక సంకలనంలో భాగంగా ఆ దేశం చేరింది. రెండు భాగాల్లో బొమ్మలు, రంగులు, సంగీతం దాదాపు ఒకటే. అధికారులు మాత్రం వేరు. మొదటిదానికి తొలిసారి ఆడేవాడు అధికారి; రెండవదానికి మొదటిదాన్ని పూర్తిగా సాధించినవాడు అధికారి. రూపాన్ని చూసి యోగ్యతను నిర్ణయించలేమనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు. 1995లో ఉబిసాఫ్ట్ సంస్థ తెచ్చిన 'రేమాన్' కూడా ఈ కోవలోదే. బొమ్మల పుస్తకంలా కనిపించే ఆ గేము కాఠిన్యానికి పేరుమోసింది.

4. పొరల నిర్మాణం: కిర్బీ, యోషీ

కాఠిన్యం ఒక్కటే పెద్దలకు తగిన గుణమైతే సమస్య సులభంగానే తేలిపోయేది. సులభమైన ఆటలోనూ పెద్దలకు చోటు కల్పించవచ్చునని 1990ల నాటి రెండు గేములు నిరూపించాయి.

1992లో హాల్ లాబొరేటరీ 'గేమ్ బాయ్' అనే చేతియంత్రం కోసం 'కిర్బీస్ డ్రీమ్ ల్యాండ్' రూపొందించింది. దాని రూపకర్త మసాహిరో సకురాయ్ తొలిసారి ఆడేవారిని దృష్టిలో ఉంచుకొన్నాడు. గాలి మింగి బూరలా ఉబ్బి ఎగిరే కిర్బీకి గుంతలు పెద్ద ప్రమాదం కావు. కేవలం అయిదు దశలు. అయితే ఆట ముగిశాక తెర మీద ఒక సంకేతం కనిపిస్తుంది. దాన్ని ప్రయోగిస్తే అదే ఆట రెండోసారి మరింత కఠినంగా, వేగవంతమైన శత్రువులతో తెరుచుకుంటుంది. ఇక్కడ రెండు పొరలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మొదటిది పూర్తిచేసినవాడే రెండవదానికి అధికారి అవుతాడు.

1995లో వచ్చిన 'యోషీస్ ఐలాండ్'లో రెండు పొరలు ఒకేచోట కలిసి ఉంటాయి. క్రేయాన్లతో గీసినట్లుండే దృశ్యాలు, వీపు మీద పసిబిడ్డ మారియోను మోసుకుపోయే యోషీ – పైకి ఇది పూర్తిగా శిశువుల లోకం. శత్రువు తాకితే వెంటనే ప్రాణం పోదు. బిడ్డ బుడగలో తేలుతూ ఏడుస్తుంది. నక్షత్రాల లెక్క సున్నాకు దిగేలోపు బిడ్డను అందుకుంటే చాలు. పదికి తగ్గిన లెక్క తనంతట తానే మళ్లీ పదికి చేరుతుంది. చిన్నపిల్లలకు ఇది కరుణ గల నియమం.

అయితే ప్రతి దశ చివరా నూటికి మార్కులు పడతాయి. 30 నక్షత్రాలకు 30, 20 ఎర్ర నాణేలకు 20, 5 పువ్వులకు 50. నూటికి నూరు సాధించాలంటే మూలమూలలా వెతకాలి. నక్షత్రాలు పూర్తిగా నిండివుండగానే దశను దాటాలి. ఒక లోకంలోని ఎనిమిది దశల్లోనూ నూరేసి సాధించినవారికి మాత్రమే ఆ లోకపు అదనపు దశ తెరుచుకుంటుంది. గమనించదగినది ఏమంటే, పిల్లవాణ్ణి రక్షించే నక్షత్రాలే నిపుణుణ్ణి పరీక్షించే నక్షత్రాలు. ఒకే పరికరం ఒకరికి అభయం, మరొకరికి నియమం. ఒకే పద్యం వినేవాడికి కథగా, ఆలోచించేవాడికి ధ్వనిగా అందడం వంటి గుణమిది. పెద్దల కోసం పక్కన వేరే గది కట్టకుండా అదే ఇంట్లో రెండవ అంతస్తు వేసిన నిర్మాణం ఇది.

పొరలు వేయడంలో విఫలమైన ఉదాహరణలూ ఉన్నాయి. 1999 నాటి 'డాంకీ కాంగ్ 64'లో అయిదు పాత్రలున్నాయి. ప్రతి లోకంలో ఒక్కో పాత్రకు నూరేసి చొప్పున 500 రంగు అరటిపండ్లు ఏరాలి. ఒక పాత్ర రంగు పండును మరో పాత్ర తీసుకోలేదు కనుక అదే దారిలో పాత్రను మార్చుకొని మళ్లీ తిరగాలి. ఇందులో పెరిగేది పరిమాణం. నైపుణ్యం అంతగా పెరగదు. అతిగా ఏరించే గేముగా అది విమర్శకు గురికావడానికి ఇదే కారణం. కాబట్టి అదనంగా ఏదో ఉన్నంతమాత్రాన అది పెద్దలకు యోగ్యం కాబోదు. ఆ అదనం కొత్తగా ఆలోచింపజేయాలి.

5. వయోముద్ర చెప్పేది, చెప్పనిది

1993 డిసెంబరులో అమెరికా సెనేటు వీడియో గేముల్లోని హింస మీద విచారణ జరిపింది. 'మోర్టల్ కాంబాట్', 'నైట్ ట్రాప్' అనే గేములు ఆ చర్చకు కేంద్రమయ్యాయి. దాని ఫలితంగా పరిశ్రమ 1994లో ఈ.ఎస్.ఆర్.బి. అనే వర్గీకరణ సంస్థను ఏర్పాటు చేసుకొంది. జపానులో 2002లో సెరో, ఐరోపాలో 2003లో పెగీ వచ్చాయి.

ఈ.ఎస్.ఆర్.బి. తొలినాళ్లలో అందరికీ తగిన గేములకు 'కిడ్స్ టు అడల్ట్స్' అన్న ముద్ర వేసింది. పిల్లల నుంచి పెద్దల దాకా అన్న ఆ పేరులో పెద్దల ప్రస్తావన స్పష్టంగా ఉంది. 1998లో దాన్ని 'ఎవ్రీవన్' అని మార్చారు. అందరూ అన్న మాటలో పెద్దలు ఉన్నా, వ్యవహారంలో ఆ అక్షరం చిన్నపిల్లల గుర్తుగా మారిపోయింది. ఐరోపా ముద్రల్లో 3, 7, 12, 16, 18 అనే అంకెలుంటాయి. మూడు అన్న అంకె చూసి మూడేళ్లవారి ఆట అని భ్రమపడేవారు ఎక్కువ. మూడేళ్ల వయస్సు నుంచి చూడదగనిది ఇందులో లేదన్నంతవరకే దాని అర్థం. ముద్ర కింది హద్దును చెబుతుంది. పై హద్దు దానికి లేదు. ఆట ఎంత కష్టమో ముద్ర చెప్పదని పెగీ సంస్థే స్పష్టం చేస్తోంది.

ఈ భేదానికి 'ది లాస్ట్ లెవెల్స్' మళ్లీ సాక్ష్యం పలుకుతుంది. కష్టమని ఒకనాడు ఒక దేశానికే పంపని ఆ గేము, తరువాతి పునర్విడుదలలో 'ఎవ్రీవన్' ముద్రతో వచ్చింది. ముద్రలో తప్పేమీ లేదు. హాని ఉందా అన్న ప్రశ్నకు అది సరైన సమాధానం. యోగ్యత ఉందా అన్న ప్రశ్నకు దాన్ని సమాధానంగా వాడుకోవడమే పొరపాటు.

6. వయస్సు మళ్లిన ఆటగాడు

ఒకప్పటి పిల్లలు పెద్దవారయ్యాక ఈ ప్రశ్న కొత్త మలుపు తిరిగింది. భారతదేశంలోనూ దీనికి ఆధారముంది. 1990లలో నింటెండో యంత్రానికి నకళ్లు 'టీవీ వీడియో గేము' పేరుతో తెలుగు పట్టణాలతోసహా దేశమంతా ఇళ్లలోకి వచ్చాయి. కాసెట్ మార్చి మారియోను ఆడిన ఆనాటి పిల్లలు నేడు తల్లిదండ్రులు, అధ్యాపకులు. వారు మళ్లీ ఆడబోయినప్పుడు రెండు మార్పులు ఎదురవుతాయి. చూసిన వెంటనే స్పందించే వేగం యౌవనం దాటాక క్రమంగా తగ్గుతుంది. తీరిక ముక్కలు ముక్కలుగా మాత్రమే దొరుకుతుంది. అందువల్ల పెద్దలకు కఠినమైన ఆటే కావాలన్న భావన కూడా సగం నిజమే.

నింటెండో 2009 నాటి 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ' గేములో ఈ మార్పును గుర్తించింది. ఒక దశలో ఎనిమిదిసార్లు ఓడితే ఒక ఆకుపచ్చ పెట్టె కనిపిస్తుంది. దాన్ని కొడితే లూయీజీ తానే ఆడి దారి చూపిస్తాడు. ఆటగాడు ఎప్పుడైనా మధ్యలో పగ్గాలు అందుకోవచ్చు. ఆ పెట్టె అవసరం రాకుండా గేము పూర్తిచేసినవారి నక్షత్రాలు మెరుస్తాయి. సహాయానికి శిక్ష లేదు, సాధనకు గుర్తింపు ఉంది. అదే గేమును నలుగురు ఒకే తెర మీద ఆడవచ్చు. కష్టమైన చోట పిల్లవాడు బుడగలోకి చేరితే పెద్దలు దారి దాటించి బుడగ పగలగొట్టి దించుకుంటారు. అయితే పాత్రలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక నలుగురు కలిస్తే ఆట సులువు కావడానికి బదులు చిక్కుబడుతుంది కూడా. నిపుణుడైన పెద్దకు అనుభవం లేని తోడుతో ఆడడమే ఒక కొత్త పరీక్ష.

2010 నాటి 'కిర్బీస్ ఎపిక్ యార్న్'లో మరణమే లేదు. దెబ్బ తగిలితే పూసలు మాత్రం రాలిపోతాయి. ఎక్కువ పూసలతో గమ్యం చేరినవారికి బంగారు పతకం దక్కుతుంది. 2015 నాటి 'యోషీస్ వూలీ వరల్డ్'లో కోరుకున్నవారికి యోషీకి రెక్కలు మొలుస్తాయి. 2023 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్ వండర్'లో కొన్ని పాత్రలను ఎంచుకుంటే శత్రువుల తాకిడికి హాని ఉండదు. పెద్దల సమస్యను నేరుగా ఇతివృత్తం చేసుకొన్న 2018 నాటి 'సెలెస్ట్'లో ఆందోళన, కుంగుబాటు పీడించే యువతి పర్వతాన్ని ఎక్కుతుంది. అత్యంత కఠినమైన ఈ గేములోనూ వేగాన్ని తగ్గించుకొనే వీలు కల్పించారు. ఈ వరుసలో అధికారిని నిర్ణయించే బాధ్యత క్రమంగా ఆటగాడి చేతికే వచ్చింది. 2024లో బొమ్మ రోబో నాయకుడుగా వచ్చిన 'ఆస్ట్రో బాట్' ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేముగా ఎంపికైంది. పిల్లల రూపంలోని ప్లాట్‌ఫామ్ గేము పెద్దల ఇతివృత్తాలతో వచ్చిన గేములను దాటి నిలవగలదని ఈ ఎంపిక చాటింది.

7. నిర్ణయానికి ప్రమాణాలు

పై పరిశీలన ఆధారంగా, పిల్లల ప్లాట్‌ఫామ్ గేము పెద్దలకు తగునా అని చూసేవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. గమ్యం చేరాక కూడా ఆటలో మిగిలేది ఉందా? మిగిలినది నైపుణ్యాన్ని, పరిశీలనను కోరుతుందా, కేవలం సమయాన్ని కోరుతుందా? వేగం తగ్గినవారికి అవమానం కలిగించని సహాయం ఉందా? పెద్దలు, పిల్లలు కలిసి ఆడితే ఇద్దరికీ చేయవలసిన పని ఉందా? ఈ నాలుగింటికీ పెట్టె మీద సమాధానం దొరకదు, ఆడి చూడాలి. 'యోషీస్ ఐలాండ్'లో కలిసి ఆడే అవకాశం లేకపోయినా మొదటి మూడింటికీ బలమైన సమాధానముంది. 'డాంకీ కాంగ్ 64' మొదటి ప్రశ్నకు నిలిచి రెండవదాని దగ్గర తడబడుతుంది. 'ఎపిక్ యార్న్' మూడవదానికి ఉత్తమ నిదర్శనం. దాని పతకాల పొర మాత్రం యోషీ మార్కులంత లోతైనది కాదు.

8. ముగింపు

1. ప్లాట్‌ఫామ్ గేముకు పిల్లల ఆట అన్న పేరు 1983 సంక్షోభానంతర వ్యాపార వ్యూహం నుంచి బలపడింది. అది ప్రక్రియ జన్మలక్షణం కాదు.

2. 1994 నుంచి వచ్చిన వయోముద్రలు హానిని కొలుస్తాయి. వాటిని యోగ్యతకు, కాఠిన్యానికి కొలతగా తీసుకోరాదు.

3. పెద్దలకు తగిన గుణం ఆటలోని రెండవ పొరలో ఉంటుంది. మొదటి పొరలోని పరికరమే రెండవ పొరలో కొత్త అర్థం పొందినప్పుడు ఆ గుణం ఉత్తమంగా వ్యక్తమవుతుంది.

4. 2009 తరువాతి సహాయ విధానాలు వయస్సు మళ్లినవారినీ అధికారుల పరిధిలోకి తెచ్చాయి.

బాలసాహిత్యాన్ని విలువగట్టేటప్పుడు తెలుగు విమర్శ అట్టమీది బొమ్మ దగ్గర ఆగిపోలేదు. కథనం లోపలికి వెళ్లింది. వీడియో గేములకూ అదే మర్యాద దక్కాలి. పిల్లల చేతికి ఇచ్చే ఆటను పెద్దలు ఒకసారి మనస్ఫూర్తిగా ఆడి చూస్తే, అది తమకు తగునో లేదో తెలియడంతోపాటు పిల్లలకు నిజంగా తగునా అన్నదీ తేలుతుంది.